కాలరు లేని ఎండాకాలం

ఆ ఎండాకాలం మా మాస్టారు చిలకపచ్చ రంగు బూట్లు కొనుక్కొచ్చారు.

సంచిలో పెట్టుకుని తేలేదు, వేసుకునే వచ్చారు. సంచిలో ఉన్నవి పాత నల్ల తోలు బూట్లు. నేను కొట్టు గుమ్మంలో కూర్చుని ఒక చొక్కాకి గుండీలు వేస్తున్నాను. ముందు ఆ పచ్చరంగు కనిపించింది, తల ఎత్తితే మా ఆయన మొహం కనిపించింది. ఆ రెండూ ఒకే మనిషివని నా బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది.

"ఎవరివవి?" అన్నాను.

"నావే."

"అది కాదండీ. ఎవరికోసం కొన్నారు?"

"నా కాళ్ళకోసమే. చూడు, లేసుల్లేవు. ఇలా దూరిస్తే చాలు" అని ఒక బూటు విదిలించి వదిలేసి, మళ్ళీ కాలు దూర్చి చూపించారు. చూపించి ఊరుకోకుండా రెండోదీ చూపించారు.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. మా ఆయన బట్టలు కత్తిరించే కటింగ్ మాస్టరు. ఊరంతా అలా పిలిచి పిలిచి నాకూ అదే అలవాటైంది. ఆయన కత్తిరించింది మిషన్ల మీద ఇద్దరు పనివాళ్ళు కుడతారు, చివర్లో కాజాలూ గుండీలూ నావి. గుండీ దూరడానికి బట్ట కోసి, చుట్టూ దారంతో గట్టిగా కుట్టే కంతనే మేం కాజా అంటాం. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న సూది ఇంకా నా చేతిలోనే ఉంది. ముందుగది కొట్టు, వెనక రెండు గదులూ ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర ఇవతల ఆయన మొగుడు, అవతల మాస్టారు. రెండుచోట్లా మాత్రం వేషం ఒకటే, మడతలు నలగని ప్యాంటు, కాలరు నిలబడ్డ తెల్లచొక్కా, మొహం కనిపించేలా పాలిష్ చేసిన నల్ల బూట్లు.

అలాంటి మనిషి కాబట్టే ఇతరుల బట్టల మీద ఆయన తీర్పులకి తిరుగుండేది కాదు. ఒకసారి బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన జీన్స్ ప్యాంటు తెచ్చి, కాళ్ళ దగ్గర పొట్టి చెయ్యమన్నాడు. మా మాస్టారు దాన్ని బల్లమీద పరిచి, ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "సార్, ఏమీ అనుకోకండి. దీన్ని పొట్టి చెయ్యడం నా చేతుల్లో ఉంది గానీ మిమ్మల్ని కుర్రాణ్ణి చెయ్యడం నా చేతుల్లో లేదు. ఈ వయసుకి ఇది నప్పదు" అన్నారు. బ్యాంకాయన ఆ ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్ళినవాడు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే, "నిజం చెప్పకూడదా?" అన్నారు ఈయన.

ఆ నోటితో ఇప్పుడు ఈ చిలకపచ్చ బూట్లని ఏమంటారో అని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. పైగా వారం తిరగకుండానే టీషర్టు వచ్చింది. మెడ దగ్గర గుండ్రంగా, కాలరన్నది లేకుండా, బనీనుకి అన్నలాంటిది. దాని వెనకే నడుము దగ్గర ఎలాస్టిక్ ఉన్న ప్యాంటు వచ్చింది. రెండూ రెడీమేడ్.

బూట్లంటే సరే, మేం బూట్లు కుట్టం. కానీ దర్జీ ఒంటిమీద రెడీమేడ్ ఏమిటండీ! మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఒంటిమీదికెక్కిన ప్రతి చొక్కా ఆయన కత్తిరించిందే, దానికి ప్రతి గుండీ నేను వేసిందే. మిగతా చొక్కాలకి ఒక వరస దారం వేస్తే, ఆయన వాటికి రెండు వరసలు వేసేదాన్ని. అది ఆయనకీ తెలుసు. ఇప్పుడవన్నీ బీరువాలో మడతపెట్టి ఉన్నాయి, ఈయనేమో ఫుట్‌పాత్ మీద కొన్న బనీను తగిలించుకుని పదిమంది మధ్య తిరుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కంటే ముందు అయోమయం. ఎవరైనా చొక్కా మీద అలుగుతారా?

మా అమ్మాయి మాత్రం ఎగిరి గంతేసింది. అది బస్సుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది, రకరకాల జనాన్ని చూస్తుంది.

"నాన్నా, పదేళ్ళు తగ్గిపోయావు తెలుసా! అమ్మా, నువ్వూ మారు. ఇద్దరూ కలిసి ఫోటో దిగుదురుగాని."

"నేను మారితే ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ మిగలరే" అన్నాను.

పక్కవీధిలో ఉండే మా వదిన, అంటే మాస్టారి అక్కయ్య, రోజూ సాయంత్రం వచ్చి మా ఇల్లు సరిగ్గా ఉందో లేదో చూసి వెళ్తుంది. ఆవిడ టీషర్టు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, యాభై దాటిన మనిషికి కాలరుండాలిరా. కాలరు లేకపోతే ఎదుటివాడికి నీ మెడలో ముడతలు తప్ప ఏం కనిపిస్తాయి?"

"చల్లగా ఉందక్కయ్యా" అన్నారాయన.

"చల్లదనం కావాలంటే విసనకర్ర కొనుక్కో." తర్వాత వదిన నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "ఏమే, ఉన్నట్టుండి మగాడు బట్టలు మార్చాడంటే ఊరికే మార్చడు. కాస్త కనిపెట్టి ఉండు."

"ఊరుకోండి వదినా, ఆ ఎలాస్టిక్ ప్యాంటు చూసి ఎవరు మోజుపడతారు?" అని నవ్వేశాను. నవ్వానే గానీ, ఆవిడ పెట్టిన పురుగు బుర్రలో తొలుస్తూనే ఉంది.

కనిపెట్టడం మొదలుపెట్టాను. కనిపెట్టిన కొద్దీ ఏమీ పాలుపోయేది కాదు. ఆయన ఎక్కడికీ వెళ్ళేవారు కాదు, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. బల్ల దగ్గర నిలబడి బట్ట కత్తిరిస్తూనే ఉండేవారు. పెద్ద కత్తెర ఎప్పటిలాగే బట్టలోంచి తిన్నగా పోయేది. కాకపోతే చేతి గడియారం పెట్టుకోవడం మానేశారు. అడిగితే చెమట అన్నారు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. వేడిగా ఉందేమో అనుకున్నాను.

ఒకరోజు ఉతకడానికి ఆ ఎలాస్టిక్ ప్యాంటు తీస్తే జేబులోంచి రబ్బరు బంతి ఒకటి దొర్లి గోలెం కిందికి పోయింది. చిన్నపిల్లలు గోడకేసి కొట్టుకునే ఎర్ర బంతి. దాన్ని చేత్తో పట్టుకుని నేను గోలెం పక్కనే చతికిలబడ్డాను. బూట్లు, బనీను, ఇప్పుడు బంతి. వదిన భయం వేరు, నా భయం వేరు. మా వీధి చివర ఒక పెద్దాయన ఇలాగే మెల్లగా చిన్నపిల్లాడైపోయి, చివరికి కన్నకూతుర్ని కూడా ఎవరమ్మా నువ్వు అని అడిగేవాడు. అలాంటిది మా ఇంట్లో మొదలైతే? కత్తెర పట్టుకునే మనిషి, మనసు ఎటో పోతే? ప్యాంటు ఉతికి ఆరేశాక బంతిని మళ్ళీ దాని జేబులోనే పెట్టేశాను. మర్నాడు ఆయన దాని ఊసెత్తలేదు, నేనూ అడగలేదు.

ఇంకో పిచ్చి పని కూడా చేశాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పచ్చబూట్లలో కాళ్ళు పెట్టి చూశాను, ఏముందబ్బా ఇందులో అని. ఏముందో చెప్పలేను గానీ హాయిగా ఉంది. గదిలో ఇటునుంచి అటు నడిచాను. చప్పుడు లేదు, మడమ నొప్పి లేదు. అంతలో తెర తీసుకుని వదిన లోపలికొచ్చి నా కాళ్ళవైపు చూసింది.

"నీకూ అంటుకుందా?" అంది.

ఈలోగా మా పనుల కాలం వచ్చేసింది. బడులు తెరిచే ముందు యూనిఫాం కుట్టడమే మాకు అసలు పంట. పెద్ద వీధిలో ఉన్న బడి చొక్కాలన్నీ ఎప్పుడూ మావే. ఆ ఏడు రెడీమేడ్ కంపెనీ వాళ్ళు కూడా బడికి వచ్చి శాంపిళ్ళు ఇచ్చి వెళ్ళారని తెలిసింది. హెడ్‌మేడమ్ కబురు పెట్టింది, మీరూ ఒకసారి వచ్చి మాట్లాడండి అని.

ఆ కబురు వచ్చిన రోజే బ్యాంకాయన మా కొట్టు ముందునుంచి వెళ్తూ వెళ్తూ ఆగిపోయాడు. టీషర్టుని చూశాడు, కిందికి వంగి బూట్లనీ చూశాడు. ఇంటికెళ్ళి అదే జీన్స్ ప్యాంటు పట్టుకొచ్చి బల్లమీద పడేశాడు.

"మాస్టారూ, మీకు నప్పింది నాకెందుకు నప్పదు?"

మా మాస్టారు ఎర్రబడతారనుకున్నాను. ఆయన నవ్వారు. "తొడుక్కోండి సార్, పొట్టి చేసేద్దాం" అన్నారు. బ్యాంకాయన తొడుక్కొచ్చాక, మడత దగ్గర పిన్ను పెట్టమని నన్ను పిలిచారు. కొలత దగ్గర ఇంకొకరి చెయ్యి పడనిచ్చే మనిషి కాదు. నేను వంగి పిన్నులు పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మాట మార్చారు, బట్ట మార్చారు, ఇక పని కూడా నామీదికి తోసేస్తారు కాబోలు అనుకున్నాను.

బ్యాంకాయన అటు వెళ్ళగానే ఇటు తెర లాగేసి అడిగేశాను.

"రేపు బడికి ఏం వేసుకొస్తారు?"

"ఇదే."

"కాలరు లేని చొక్కా వేసుకెళ్ళి, కాలరున్న చొక్కాలు మాచేత కుట్టించండి అని అడుగుతారా? రెడీమేడ్ తొడుక్కెళ్ళి రెడీమేడ్ వద్దంటారా? ఆ మేడమ్ నవ్వదూ?"

"నవ్వనీ."

"నవ్వితే నవ్వుతుంది, ఆర్డరు పోతే ఏం తింటాం? సరే, అదీ వదిలెయ్యండి. నాకొకటి చెప్పండి. నేను వేసిన గుండీలు ఏం పాపం చేశాయండీ? ఇన్నేళ్ళు పెట్టుకున్నారుగా. ఇప్పుడెందుకు కంటగింపయ్యాయి?"

ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. ఆయన స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ ఉండిపోయారు. చివరికి, "సరే, తెల్లచొక్కా తీసిపెట్టు. వేసుకుంటా" అన్నారు. గెలిచానని సంతోషించాలో, ఆ గొంతు విని భయపడాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, మంచం మీద పరిచాను. నల్ల బూట్లు నేనే తుడిచి పక్కన పెట్టాను. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకున్నారు. అమ్మాయి ఆఫీసుకెళ్ళిపోయింది. పనివాళ్ళు మిషన్లకి నూనె వేసుకుంటున్నారు. నేను శాంపిలు చొక్కాలు సంచిలో సర్దాను. సర్దినవి తీసి మళ్ళీ సర్దాను. తలుపు తెరుచుకోలేదు.

"ఏవండీ, టైమైంది" అన్నాను.

"వస్తున్నా."

ఇంకాసేపు చూసి తలుపు తోశాను.

ఆయన కిటికీ దగ్గర, వెలుతురుకి తిరిగి నిలబడి ఉన్నారు. చొక్కా ఒంటిమీద ఉంది, ముందంతా తెరుచుకునే ఉంది. తల వంచి, పెదవి పళ్ళకింద నొక్కిపెట్టి, పొట్ట దగ్గరి గుండీని కాజాలోకి తోస్తున్నారు. వేళ్ళు గుండీని పట్టుకుంటున్నాయి, జారిపోతున్నాయి. మళ్ళీ పట్టుకుంటున్నాయి. ఇస్త్రీ చేసిన బట్ట ఆ ఒక్కచోట నలిగి, చెమటకి తడిసిపోయింది. ఎన్ని వేల గుండీలు వేసి ఉంటానో, వాటిని పెట్టుకునే వేళ్ళ సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "కాజా చిన్నదైనట్టుంది" అన్నారు.

నా కాజా చిన్నది కాదు. నా చేతి కాజా ఎప్పుడూ చిన్నది కాలేదు, ఆ మాట ఊళ్ళో అందరికంటే ముందు ఆయనే చెప్తారు.

"అవునండీ" అన్నాను. "ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. బిగించి కుట్టేశాను."

దగ్గరికెళ్ళి కిందనుంచి ఒక్కో గుండీ పెట్టుకుంటూ పైదాకా వచ్చాను. ఆయన చేతులు పక్కకి వదిలేసి, స్కూలుకి తయారవుతున్న పిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డారు. కాలరు సరిచేశాను. నేను నల్ల బూట్లని కాలితో మంచం కిందికి నెట్టేసి, చిలకపచ్చవి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

తెల్లచొక్కా, మడతలు నలగని ప్యాంటు, కింద చిలకపచ్చ బూట్లు. బడికి వెళ్ళే దారిలో మమ్మల్ని చూడనివాళ్ళు లేరు. నాకు ఎవరి మొహమూ ఆనలేదు.

హెడ్‌మేడమ్ కూడా ముందు బూట్లే చూసింది. పెద్దమనిషి, ఏమీ అనలేదు. బల్లమీద రెడీమేడ్ వాళ్ళ శాంపిళ్ళు ఉన్నాయి. అన్నీ కాలరు లేని టీషర్టులే.

"చిన్న క్లాసుల పిల్లలతో వచ్చింది చిక్కు మాస్టారూ. వాళ్ళకి గుండీలు పెట్టుకోవడం రాదు. టీచర్లకి పొద్దున్నే అదే పనైపోతోంది. వీళ్ళవైతే తలమీంచి లాగేస్తే సరి" అంది.

మామూలు రోజుల్లో అయితే మా మాస్టారు కాలరు గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. ఆయన ఒక టీషర్టు తీసి చూసి, "నిజమేనండీ. వేళ్ళు మాట వినకపోతే గుండీ అంత మొండిది ఇంకోటి లేదు" అన్నారు.

ఆవిడ పిల్లల గురించే అనుకుని తలూపింది. ఆయన ఎవరి వేళ్ళ గురించి అన్నారో నాకు తెలుసు. ఈసారి నేనే నోరు తెరిచాను. కొలతలూ బేరాలూ ఆయనవి, నేనెప్పుడూ ఆయన ముందు బడిలో మాట్లాడింది లేదు.

"టిచ్‌బటన్ పెడదామండీ. నొక్కితే టప్పుమని అతుక్కునే రకం. దానిమీద పైకి కనబడేలా గుండీ కుట్టేస్తాను. చూసేవాళ్ళకి మామూలు చొక్కానే. వేసుకునేవాళ్ళకి అరచేత్తో నొక్కితే చాలు" అన్నాను.

"పిల్లలకి బాగుంటుందంటారా?" అంది మేడమ్.

"బాగుంటుంది" అన్నాను. మేడమ్ వైపు చూడలేదు.

చివరికి చిన్న క్లాసుల చొక్కాలు మాకిచ్చారు, పెద్ద క్లాసులవి రెడీమేడ్ వాళ్ళకి వెళ్ళిపోయాయి. గెలిచామో ఓడామో తెలియకుండానే బయటికొచ్చాం. ఎండ మండిపోతోంది. ఆయన పచ్చబూట్లు చప్పుడు లేకుండా నా పక్కన నడుస్తున్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"చలికాలంలో మొదలైంది. కత్తెర బాగానే ఆడుతోంది. సూది, గుండీ, లేసు, వీటి దగ్గరే. పట్టుకున్నానో వదిలేశానో వేళ్ళకి తెలియట్లేదు."

"మరి ఆ బంతి?"

"పిసుకుతూ ఉండమన్నాడు డాక్టరు. మణికట్టు దగ్గర నరం నలిగిందట. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు."

"నాకొక్క మాట చెప్తే ఏం పోయింది? నేను ఏమేమి అనుకున్నానో తెలుసా!"

ఆయన కాస్త దూరం నడిచి, "నీకేమని చెప్పను? నువ్వు వేసిన గుండీ నేను పెట్టుకోలేకపోతున్నానని చెప్పనా?" అన్నారు.



ఆ వారం పిల్లల చొక్కాల కంటే ముందు బీరువాలోవి తీశాను. "శాంపిలు ఎలా కూర్చుంటుందో ముందు మీవాటి మీద చూస్తాను" అన్నాను. "చూడు" అన్నారు. కాజాలన్నీ మూసేసి కుట్టి, వాటిమీద గుండీలు తిరిగి వేసి, కింద టిచ్‌బటన్లు పెట్టాను. నా చేత్తో కుట్టిన కాజాని నా చేత్తోనే మూసేస్తుంటే ఒక్కోసారి దారం కనిపించేది కాదు, కళ్ళు మసకబారేవి. గుండీలకి మాత్రం రెండు వరసల దారమే వేశాను.

బడులు తెరిచేనాటికి మా మాస్టారు మళ్ళీ కాలరులోకి వచ్చారు. వదిన చూసి తృప్తిగా తలూపింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నావురా. నా మాట విన్నావు, అంతే చాలు" అంది. ఆవిడ విజయాన్ని మేమిద్దరం ఆవిడకే వదిలేశాం.

నా తికమక మాత్రం పూర్తిగా తీరలేదు. చొక్కాలన్నీ తేలికైపోయాక కూడా కొట్టు సెలవు రోజున ఆయన ఆ బనీనే తొడుక్కుంటారు. "ఇప్పుడు దేనికండీ ఇది?" అంటే, "హాయిగా ఉందే" అంటారు. అంటే అదంతా వేళ్ళకోసమా, లేక ఆ మనిషికి ఎన్నాళ్ళ నుంచో కాలరు బిగుతుగా ఉండి, చెప్పడానికి ఒక సాకు దొరికిందా? ఈ వయసుకి అది నప్పిందా లేదా? బ్యాంకాయన నప్పిందంటాడు. అద్దంలో చూసినట్టు ఎదురుగా నిలబడి చూస్తాను, ఒకరోజు నప్పినట్టుంటుంది, ఒకరోజు ఉండదు. అమ్మాయి నాకూ అలాంటి బూట్లు తెచ్చింది, ఊదారంగువి. ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు గదిలో నడుస్తాను.

పొద్దున పూట నేను వంటగదిలో ఉంటాను, ఆయన గదిలో తయారవుతుంటారు. తలుపు వెనకనుంచి టప్పు, టప్పు అని గుండీలు ఒక్కోటీ పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది వింటూ గిన్నెలు సర్దుకుంటాను. ఒక్కోరోజు ఆ చప్పుడు సగంలో ఆగిపోతుంది. కాసేపు చూస్తాను. అప్పటికీ వినిపించకపోతే స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, "ఏవండీ, ఈ చొక్కాకి టిచ్‌బటన్ బిగుతుగా పెట్టేశానేమో, ఒకసారి చూడనివ్వండి" అంటూ లోపలికి వెళ్తాను.